మంచు నదికి ఒకే గీత

మే నెల ఉక్కలో, పలాసలోని తన ఇంట్లో, కాలికి సిమెంటు కట్టుతో నాగసుధ ఇద్దరు అధికారుల కోసం ఎదురుచూస్తోంది. ఆమె హిమాలయాల్లో హిమానీనదాలను పరిశీలించే శాస్త్రవేత్త. నెల కిందట ఒక హిమానీనదం అంచున, మంచు ఈడ్చుకొచ్చి పోసిన రాళ్ల గట్టు మీద కొలతలు తీస్తూ జారిపడింది. ఆ గట్టు వెనక, కరిగిన మంచునీటితో పెద్ద చెరువు నిండి ఉంది. గట్టు తెగితే కింది ఊళ్లు మిగలవు.

ఆ హిమానీనదం రెండు కొండ రాష్ట్రాల నడుమ ఉంది. ఒక రాష్ట్రం వాళ్లు గట్టు తవ్వి రోడ్డు వేయబోతున్నారు. ఇంకో రాష్ట్రం వాళ్లు మంచు పక్కనే హోటళ్లు కట్టబోతున్నారు. ముందు మీరు ఆపండంటే మీరు ఆపండని రెండేళ్లుగా వాదన. యంత్రాలు అప్పుడే కొండెక్కాయి. నాగసుధ లేకుండా మాట్లాడుకోవడానికి ఇద్దరూ ఒప్పుకోలేదు. అందుకే ఆమె వాళ్లను పలాస రమ్మంది.

రోడ్డు వాళ్ల తరఫున నమ్‌గ్యాల్, హోటళ్ల వాళ్ల తరఫున నేగి వచ్చారు. ఒకే రైలు దిగి, వేరువేరు ఆటోల్లో ఇల్లు చేరారు. నాగసుధ తల్లి లక్ష్మీకాంతమ్మ జీడిపప్పు ఉప్మా పెట్టి, లోపలికొచ్చి అడిగింది.

"ఏటే సుధా, వాళ్లిద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు సూసుకోరేటి?"

"సూసుకుంటారమ్మా. ఒప్పుకోకుండా ఇక్కణ్నించి కదలనివ్వను."

ఉదయమంతా పాత వాదనే నడిచింది. నాగసుధ మ్యాపు మడిచేసి, ఇద్దరినీ ఒకే ఆటో ఎక్కించి, పూండి మీదుగా వజ్రపుకొత్తూరు తీసుకెళ్లింది. అక్కడ తనతో కాలేజీలో చదివిన అమ్ములు ఉంటుంది. ఆమె తండ్రి నారాయణ కిడ్నీలు పాడై, చేపలవేట మానేసి, డయాలసిస్ మీద బతుకుతున్నాడు.

అమ్ములు కుళాయి నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఈ నీళ్లెక్కడివని నేగి హిందీలో అడిగాడు. నాగసుధ వాళ్ల మాట నారాయణకు, నారాయణ మాట వాళ్లకు చెబుతూ కూర్చుంది.

"వంశధార నీళ్లు సారూ," అన్నాడు నారాయణ. "ఒరిస్సాలో పుట్టి వత్తాది. ఆ నది కోసం రెండు ప్రెబుత్వాలూ ఎన్నేళ్లు తగువులాడుకున్నాయో. ఇప్పుడు మా గుమ్మంలోకి గొట్టమొచ్చింది. నా రోగం నీళ్లవల్లో మరేటో డాట్రులు తేల్చనేదు గానీ, పిల్లలు మాత్రం ఇయ్యే తాగతన్నారు."

"ఎగువ రాష్ట్రం వాళ్ల మీద కోపం లేదా?" అన్నాడు నమ్‌గ్యాల్.

"కోపమెందుకు సారూ? ఆళ్లకీ నీళ్లు కావాలి గదా. ఈ నీళ్లు కొంచెం ముందొచ్చుంటే బాగున్ను, అంతే."

ఇంటికి రాగానే నమ్‌గ్యాలే మ్యాపు పరిచాడు.

"రోడ్డును శిఖరం అవతలి వైపు తిప్పుతాం. దూరం పెరిగితే పెరగనీ. మరి మీ హోటళ్లు?"

నేగి పెన్సిలు తీశాడు. "కింద, ఊరి దగ్గర కడతాం," అని హిమానీనదం, చెరువు, గట్టు మొత్తం చుట్టూ ఒకే గీత గీశాడు.

"ఈ గీత లోపల పనులాపే ఉత్తర్వులు రెండు రాష్ట్రాల నుంచీ ఒకే రోజు రావాలి," అంది నాగసుధ. "అప్పుడు ముందెవరన్న మాటే ఉండదు."

నేగి పైఅధికారి ఫోనులో కుదరదన్నాడు. నాగసుధ ఫోను అందుకుంది.

"ఆ గట్టులో పగులు నేను చూశాను సార్. నా కాలు విరిగింది అక్కడే. దాన్ని ఇంకా తవ్వుతుంటే, వానలు మొదలయ్యాక మనం మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు."

వానలెప్పుడు మొదలవుతాయని అడిగి, ఆ అధికారి ఉత్తర్వు ముసాయిదా పంపమన్నాడు.

వానలకు ముందే రెండు ఉత్తర్వులూ వచ్చాయి. యంత్రాలు కొండ దిగాయి. సెప్టెంబరులో నాగసుధ చేతికర్రతో మళ్లీ పైకి వెళ్లేసరికి, గీత దాటి ఎవరూ రాకుండా చూసే రెండు రాష్ట్రాల కాపలావాళ్లూ ఒకే గుడారంలో ఉన్నారు. టీలో ఉప్పు వేయాలా, చక్కెర వేయాలా అన్న తగువు మాత్రం వాళ్ల మధ్య ఇంకా తేలలేదు. ఆమె రెండు రకాలూ తాగి, కొలత పరికరం భుజానికి తగిలించుకుని గట్టెక్కింది.