సింధూజకి సున్నా వెయ్యను

"సంతకం పెట్టమ్మా చంద్రికా, అయిపోతుంది" అన్నాడు మునిశేఖర్ సార్. మా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటు హెడ్డు. టేబుల్ మీద మార్కుల షీటు ఉండాది. గణేష్‌కి పద్దెనిమిది, లోకేష్‌కి పద్దెనిమిది, సింధూజకి సున్నా. ఆ సున్నా రాసింది ఆయన. దాని కింద సంతకం మాత్రం నాదంట. ఎంత తెలివప్పా!

"నేను పెట్టను సార్."

"ఏం, చెయ్యి నొప్పా?"

"చెయ్యి బాగనే ఉండాది సార్. కడుపే మండతాండాది."

ఈ మదనపల్లె కాలేజీలో నేను గెస్టు లెక్చరర్‌ని. హెడ్డు ఊ అంటే వచ్చే ఏడు ఉంటాను, ఊహూ అంటే ఇంటికే. అది ఆయనకీ తెలుసు, నాకీ తెలుసు. అయినా ముందు సింధూజ సంగతి సూడాల గదా. ఇంటర్నల్ మార్కులు లేకుంటే ఆ పాప ఈసారి డిగ్రీ పరీక్షకి కూర్చునేదానికి కాదు. టమాటా పండించుకోని బతికే ఇల్లు వాళ్లది. ఇంతవరకు సదివించిందే గొప్ప అనుకుంటాండారు. ఇంకో ఏడు అంటే "సాల్లేమ్మా, తోటలోకి రా" అనేస్తారు.

దీనికంతా మూలం నేను పెట్టిన పరీక్షే. మా దాంట్లో ఇంటర్నల్ అంటే ఎప్పుడూ ఒకటే పాట: వనరుల కేటాయింపు అనగానేమి? గైడులో ఉండేది బట్టీ కొట్టేది, పేపర్ మీద కక్కేది, గేటు దాటేలోగా మర్సిపోయేది. ఆ పేపర్లు దిద్ది దిద్ది నాకి విసుగొచ్చేసింది. ఈసారి ముగ్గుర్ని ముగ్గుర్ని జట్లు కట్టి, ఒక్కో జట్టుని ఒక్కో ఊరికి తోలినాను. సింధూజ జట్టుకి పుంగనూరు పక్కన మా మేనమామోళ్ల ఊరు పడింది. ఎండాకాలం ఆడ బోరు సన్నగా పోస్తాది. ఆవులకీ మేకలకీ ఉండేది ఒకటే తొట్టి. దినామూ కొట్లాటే. "ఆ తొట్టికి వంతులు కట్టండి. ఊరోళ్లు ఒక వారం నడిపి సూస్తారు. కొట్లాట తగ్గితే అదే మీ జవాబు" అని చెప్పినాను.

ముగ్గురూ పని పంచుకున్నారు. ఇల్లిల్లూ తిరిగి ఎవురికి ఏం జీవాలుండాయో అడిగే పని సింధూజది. తొట్టి కాడ నిలబడి సూసే పని గణేష్, లోకేష్‌లది. సరిగ్గా ఇల్లిల్లూ తిరగాల్సిన పొద్దే సింధూజోళ్ల తోటలో కాయ కోత పడె. మార్కెట్లో ధర పలికే రోజు కాయ కోయకుండా ఎవురుంటారు మా సీమలో? "నీ పని మేం చేస్తాం, మా పని నువ్వు చేద్దువులే" అనేసినారు ఆ పిల్లోళ్లిద్దురూ. మా పక్క దీన్ని ముయ్యి అంటాం. నీ చేన్లోకి ఈ పొద్దు నేనొస్తా, నా చేన్లోకి రేపు నువ్వు రా. కూలీ లేదు, మాట మీద నడుస్తాది. అది తప్పనే ఆలోచనే వాళ్లకి రాల్యా. యాల వస్తాది? పుట్టినప్పట్నించి సూస్తాండేది అదే.

పరీక్ష అయినాక మునిశేఖర్ సార్ ఆ ముగ్గుర్నీ రూములోకి పిలిచి అడిగినాడు.

"ఈ సర్వే ఎవరిది?"

"సింధూజది సార్."

"ఎవరు చేశారు?"

"మేం చేసినాం సార్" అన్నారు ఇద్దురూ, ఏదో గొప్ప జవాబు సెప్పినట్టు.

అంతే! "చూశావా చంద్రికా, ఒకరు దున్నితే ఇంకొకరు తినడం! గ్రూపు పరీక్ష అంటే ఇదే" అని ఎగిరినాడు ఆయన. ముయ్యి సార్, తిరిగి ఆ పాప వీళ్ల పని చేసింది అని ఎంత చెప్పినా దున్నపోతు మీద వానే. సేద్యం వేరు, యూనివర్సిటీ వేరు అంటాడు.

అందుకే ఇప్పుడు ఆ షీటు ఆయన పక్కకే తోసినాను. "రేపు కుప్పం నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మేడం వస్తాది. ఆమె ముందర అడుగుదాం సార్" అన్నాను. "సింధూజకి పని తెలీదంటే ఆ సున్నా కింద నేనే సంతకం పెడతా. తెలిస్తే మీరు కొట్టేయాల."

"నీ పోస్టు సంగతి ఆలోచించుకో."

"ఆలోచించినాకే మాట్లాడతాండాను సార్."

మర్నాడు రామలక్ష్మమ్మ మేడం బస్సు దిగి నేరుగా వచ్చింది. గట్టి మనిషి, మొహంలో నవ్వు యాడా కనపడలేదు. హెడ్డు చెప్పిందంతా విని, సింధూజ పక్క తిరిగింది.

"సర్వే నువ్వు చేయలేదంట గదా?"

"లేదు మేడం."

"అయితే ఆ సర్వేలో తప్పేముందో చెప్పు."

"చేయనిదాంట్లో తప్పేం చెప్తుంది మేడం!" అని నవ్వినాడు మునిశేఖర్ సార్.

సింధూజ మేడం పక్కే సూసి చెప్పింది. "ఎవురికి ఏం జీవాలుండాయో దాంట్లో ఉండాది, అవి ఎప్పుడు నీళ్లకొస్తాయో ల్యా మేడం. వీధుల లెక్కన వంతులు కట్టినాం. పడమటి వీధికి మధ్యాన్నం, తూరుపు వీధికి సాయంత్రం. పడమటి వీధంతా మేకలోళ్లు. మధ్యాన్నం మేకలు గుట్ట మీద ఉంటాయి గదా! నేను తొట్టి కాడ నిలబడితే ఒక్క మేకా రాల్యా. సాయంత్రం ఆవుల వంతులో మేకల మందలన్నీ ఒక్కసారి దిగినాయి. ఆదెప్ప తాత కట్టె ఎత్తుకోని ఆవులోళ్ల మీదికి పొయ్యినాడు. ఆడ్నించే వీళ్లకి ఫోన్ చేసి తిట్టినాను. రెండు వంతులూ తిరగేసినాం. కట్టె మల్లా లేవలేదు."

మేడం గణేష్‌ని సూసింది. "తొట్టి కాడ నువ్వు లేవు. వంతు మారిస్తే ఎవరికి కష్టమైందో చెప్పు."

"చిక్కమ్మవ్వకి మేడం. మధ్యాన్నం ఎండకి ఆవుని తోలుకోని వచ్చే ఓపిక ల్యా. ఇప్పుడు పక్కింటోళ్లు తోలతాండారు, బదులుకి అవ్వ వాళ్ల పాపని సూసుకుంటాది. సింధూజే మాట్లాడి కుదిర్చింది."

హెడ్డు వదిలే రకమా? "మొదటి ప్లాను తప్పని వీళ్లే ఒప్పుకుంటున్నారు. ఆ తప్పు ఎవరిది? ఆ తప్పు చేసినవాళ్లకైనా మార్కులు తగ్గించాలి."

"మా ముగ్గురిదీ సార్" అంది సింధూజ. ఆ ప్లాను కట్టిన పొద్దు ఆ పాప తోటలో కాయ కోస్తా ఉండె. నాకి కండ్లలో నీళ్లు తిరిగినాయి, దాసుకోలేదు.

రామలక్ష్మమ్మ మేడం పెన్ను తీసి సున్నా మీద అడ్డగీత కొట్టి, పక్కన పద్దెనిమిది రాసింది. "ఒకరి పని ఇంకొకరు చేశారు కాబట్టే తప్పు దొరికింది సార్" అంది. అప్పుడు పెట్టినాను నేను సంతకం, షీటు సగం నిండేటట్టు.

వారం తిరక్కముందే వచ్చే ఏడు గెస్టు లెక్చరర్ల పేర్లు బోర్డులో పెట్టినారు. నా పేరు ల్యా. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, హెడ్డు కంటే మాత్రం కాదు కాబోలు అనుకోని పుస్తకాలు సంచిలో వేసుకుంటాండాను. బయట ఏదో గలాటా. సంచి ఎత్తుకోని పోయి సూస్తే ప్రిన్సిపాల్ రూము ముందర నా క్లాసు క్లాసంతా నేల మీద కూసోనుండాది.

"మీ మార్కులు మీకొచ్చాయి గదా! ఇక్కడ మీకేం పని?" అని అరస్తాండాడు మునిశేఖర్ సార్.

సింధూజ లేసి నిలబడింది. కాయ కోత నుంచి నేరుగా వచ్చినట్టుండాది, చేతులకి టమాటా ఆకు పసరు ఇంకా పోలేదు.

"మొన్న మా కోసం చంద్రిక మేడం నిలబడింది సార్. ఈ పొద్దు మా వంతు."

నేను సంచి కింద పెట్టి, పోయి వాళ్ల పక్కనే కూసున్నాను.