యోబు మూడో కూతురి పేరు

ప్రేమలీలకు మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టిందని తెలియగానే, ముత్తుకూరు అవతల సముద్రం ఒడ్డున ఉన్న ఆ చిన్న పల్లెలో అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమె మామగారు జకరయ్య. మూడో మనవరాలి కోసం ఆయన కొన్నేళ్లుగా ఒక పేరు దాచిపెట్టుకుని కూర్చున్నాడు మరి. ఆ పేరు తలుచుకునే ప్రేమలీల తలపట్టుకుంది.

కెరెంహప్పుకు.

దీనికో కథ ఉంది. ఒకప్పుడు గాలివానలో జకరయ్య ఇల్లూ ఎడ్లూ ఒక్క పూటలో పోయాయి. బైబిల్లో యోబుకు పోయినవన్నీ దేవుడు తిరిగిచ్చినట్టు తనకూ ఇస్తే, యోబు ముగ్గురు కూతుళ్ల పేర్లూ తన ఇంటి ఆడపిల్లలకు పెడతానని ఆయన మొక్కుకున్నాడు. దేవుడు ఇచ్చాడు. ఇసుకనేలలో నాలుగున్నర ఎకరాల సరుగుడు తోట లేచి నిలబడింది. కూతుళ్లను మాత్రం ఇవ్వలేదు. ఇద్దరూ కొడుకులే. పెద్దవాడు యెహోషువకు మళ్లీ ఇద్దరూ మగపిల్లలే. దాంతో మొక్కు మొత్తం చిన్నకొడుకు తిమోతి పెళ్లాం నెత్తిన పడింది. పెద్దపిల్ల యెమీమా అయింది, రెండోది కెజీయా అయింది.

ప్రేమలీల నెల్లూరులో మిషన్ హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివిన మనిషి. అక్కడ ఆమె స్నేహితురాళ్లంతా ఆనందకుమారీలూ కరుణాకుమారీలూను. కరుణాకుమారి అని పిలిస్తే నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టుంటుందని ఆమె అభిప్రాయం. యెమీమా పేరు పిలవడానికి బళ్లో పంతులు రోజూ ఒకసారి గొంతు సవరించుకుంటాడు. ఇక రేపు ఈ మూడోదాన్ని ఆ పేరు పెట్టి కేకేసి మునెయ్య కొట్టుకు పంపితే ఊరు ఊరంతా నవ్వదూ?

అసలు మంట వేరే ఉంది. పోయిన వేసవిలో జకరయ్య నలుగురినీ పిలిచి తేల్చి చెప్పేశాడు. సరుగుడు తోట పెద్దకొడుకు పిల్లలిద్దరికీనట. "ఆడబిడ్డలు ఇంకో ఇంటికి పొయ్యేవాళ్లు, వాళ్లకు నేలెందుకబ్బా?" అన్నాడు. తండ్రి ముందు తిమోతి నోరెత్తిన రోజు పుట్టిన దగ్గర్నుంచీ లేదు. అంటే తాత చేతి నుంచి ఆ ముగ్గురు పిల్లలకూ వచ్చేది పేరొక్కటే. ఆ పేరైనా ముద్దుగా ఉండకూడదా అని ప్రేమలీల ఉక్రోషం.

ఆ పల్లె క్రైస్తవ సంఘంలో ఒక పద్ధతి ఉంది. బిడ్డకు మూడు నెలలు నిండగానే ఆదివారం గుడికి తీసుకెళతారు. "బిడ్డ పేరేమి?" అని పాస్టరు అయ్యగారు అడిగినప్పుడు బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటే వాళ్లే పేరు చెప్పాలి. చెప్పింది రిజిస్టరులో ఎక్కిందంటే ఇక మార్చేవాడు లేడు. మామూలుగా తాతే ఎత్తుకుంటాడు.

"ఈసారి నా బిడ్డను నా చేతుల్లోంచి ఎవురు తీసుకుంటారో చూస్తా," అని ప్రేమలీల బావి దగ్గర అందరూ వింటుండగానే అనేసింది.

ఇంకేముంది, పల్లె రెండుగా చీలింది. కోడళ్లంతా ఒకవైపు, అత్తలంతా ఒకవైపు. పాత పేర్లకు బరువుంటుందని అత్తలు, ఆ బరువు మోసేది పిల్ల కదా అని కోడళ్లు. పట్టుదలకు పోయి రెండు ఇళ్లలో మాటలు కూడా ఆగిపోయాయి.

పేరు పెట్టే ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం ప్రేమలీల బైబిలు తెరిచింది. భక్తితో కాదు, కయ్యానికి. ఆ మూడో కూతురు ఎక్కడైనా చెడ్డపని చేసి ఉండకపోతుందా, అది పట్టుకుని మామ నోరు మూయించకపోతానా అని ఆమె ఆశ. యోబు కథ చివరికి తిప్పింది. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. వాళ్లంత అందగత్తెలు ఆ దేశంలోనే లేరని ఉంది. దాని కింద ఇంకొక వాక్యం ఉంది.

ఆమె దాన్ని మళ్లీ చదివింది. మూడోసారి వేలు పెట్టి చదివింది. లేచి నిలబడింది, కూర్చుంది, మళ్లీ లేచింది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా పట్టలేదు.

"ఏందిమే, నీలో నువ్వే నవ్వతా ఉండావు?" అన్నాడు తిమోతి, మాడు వాసనకు లోపలికి వచ్చి.

"రేపు చెప్తాలే. నువ్వు మాత్రం మంచి చొక్కా ఏసుకో."

ఆదివారం గుడి కిటకిటలాడిపోయింది. ఎప్పుడూ గుడి మొహం చూడని మునెయ్య కూడా కొట్టు మూసి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పాటలు అయ్యాయి. అయ్యగారు రిజిస్టరు తెరిచి, కళ్లజోడు పెట్టుకుని, "బిడ్డ పేరేమి?" అన్నారు.

ప్రేమలీల లేచింది. నేరుగా నడుచుకుంటూ వెళ్లి బిడ్డను మామగారి చేతుల్లో పెట్టింది.

"మీరే చెప్పండి మామా."

కోడళ్ల వైపు నుంచి ఒక్కసారిగా నిట్టూర్పు లేచింది. జకరయ్య కోడలి మొహం వంక అనుమానంగా చూశాడు. తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకుని, "కెరెంహప్పుకు!" అన్నాడు. అయ్యగారు రాశారు.

"అయ్యగారూ," అంది ప్రేమలీల. "ఆ పేరు ఉండే చోట, దాని కింద ఇంకో మాట ఉంది. అది కూడా సదవండి."

అయ్యగారు పేజీలు తిప్పారు. లోపల లోపల చదువుకున్నారు. ఒకసారి దగ్గారు.

"ఏముంది అందులో?" అన్నాడు జకరయ్య. ఆయనకు చదువు రాదు. ఆయన బైబిలంతా చెవుల్తో నేర్చుకున్నదే.

"ఆ తండ్రి... ముగ్గురు కూతుళ్లకూ వాళ్ల అన్నదమ్ములతో పాటు ఆస్తిలో భాగం ఇచ్చినాడని ఉంది జకరయ్యా."

జకరయ్య మొహం ఎర్రబడింది. ప్రేమలీల పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు, ఆమె కూడా.

"ముప్పై ఏళ్లుగా యోబు కథ వింటా ఉండాను," అన్నాడాయన అయ్యగారి వైపు తిరిగి. "గాలివాన కాడ ఏడిపించినారు, కురుపుల కాడ ఏడిపించినారు. పేర్లు సదివి ఆపేసినారు. ఈ మాట నాకు ఒక్కరన్నా చెప్పినారా?"

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకోసాగారు.

యెహోషువ లేచాడు. "నాయనా, అది సొంత కూతుళ్ల సంగతి. వీళ్లు తమ్ముడి బిడ్డలు..."

"పెదనాయన కొడుకులు అన్నలు గాక ఎవుర్రా? పేర్లేమో పుస్తకంలోవి, నేలేమో నా ఇష్టమా? దేవుడి కాడ సగం మొక్కు తీర్చి వచ్చేదా నేను?" అని కసిరి, జకరయ్య కోడలి వైపు తిరిగాడు. "తెలిసే బిడ్డను నా చేతికిచ్చినావు గదమ్మే?"

"తెలిసే ఇచ్చినాను మామా."

ముసలాయన మీసం చాటున నవ్వు కదిలింది. "నీ కడుపు సల్లగుండ," అని బిడ్డను ఆమెకిచ్చి బయటికి నడిచాడు.

ఆరాధన సగంలోనే ఆగిపోయింది. ఆయన వెనకాల తిమోతి, తిమోతి వెనకాల ఊరు. ఆదివారం పూట పనులేమిటని అయ్యగారు దారిలో అడిగితే, "ఇది పని గాదయ్యా, మొక్కు," అన్నాడు జకరయ్య నడక ఆపకుండానే. తోటలో ఇసుక మీద తాడు పరిచి ఐదు భాగాలు కొలిపించాడు. ఒక్కొక్క భాగానికి ఒక సరుగుడు కొయ్య తనే పాతాడు. ఎవరి భాగానికి వాళ్ల పేరు ప్రేమలీలే పిలవాలన్నాడు. యెహోషువ కొడుకులిద్దరివీ పిలిచింది. యెమీమా అంది, కెజీయా అంది. అత్తలు, కోడళ్లు కలిసిపోయి చప్పట్లు కొడుతున్నారు.

ఐదో కొయ్య మీద జకరయ్య గూటం ఎత్తి ఆగాడు. "ఇది ఎవురిదమ్మే?"

ప్రేమలీల కళ్లు తుడుచుకుని బిడ్డను భుజం మీద సర్దుకుంది. మూడు నెలలుగా తన నోటితో పలకనని ఒట్టు పెట్టుకున్న ఆ పేరును, ఒక్క అక్షరం మింగకుండా, సముద్రం దాకా వినబడేలా పిలిచింది.