ఎడమ కంట్లో తెల్లచుక్క

హనుమకొండ చౌరస్తాలో సారంగపాణి స్టూడియో పెట్టి పద్దెనిమిదేళ్లయింది. చేత్తో లెన్సు తిప్పి ఫోకస్ పట్టడంలో అతనికి తిరుగులేదని ఊళ్లో పేరు. అలాంటివాడు ఎనభై ఏడులో మోజుపడి, దుబాయ్ నుంచి వచ్చిన ఒకాయన దగ్గర, తనంతట తానే ఫోకస్ చేసుకునే కెమెరా కొన్నాడు. దానితో ఒప్పుకున్న మొదటి పెద్ద పని పాండురంగం కూతురు తొలి పుట్టినరోజు. పాండురంగానికి స్టీలు సామాన్ల దుకాణం ఉంది. పెళ్లయిన ఎనిమిదేళ్లకు పుట్టిన పిల్ల కావడంతో ఊరందర్నీ పిలిచి చేశాడు.

కలర్ రీలు కడగడానికి హైదరాబాద్ పంపితే నాలుగు రోజులకు కవరొచ్చింది. సారంగపాణి విప్పి చూశాడు. తల్లి ముఖం, తండ్రి ముఖం, మధ్యలో పిల్ల ముఖం, అన్నీ మసక. వెనక గోడకున్న క్యాలెండర్ మాత్రం అద్దంలా ఉంది. రెండు ఫొటోల్లో పిల్ల ఎడమ కంట్లో తెల్లగా ఏదో అలికినట్టు కూడా కనిపించింది. అదీ కెమెరా రోగమేలెమ్మనుకున్నాడు.

పాండురంగం ఫొటోలు చూసి ముఖం మాడ్చుకున్నాడు. "ఏందన్నా ఇది? క్యాలెండర్ల తారీకులు మంచిగ కనబడుతున్నయ్. నా బిడ్డ మొఖమే కనబడ్తలేదు."

"తప్పు నాదే సేటూ. బిడ్డను ఒక్కసారి స్టూడియోకు పంపు. మళ్ల తీస్త."

మర్నాడు పొద్దున్నే సారంగపాణి లెన్సు ఊడదీసి చూశాడు. కెమెరాకు తగిలే చోట వరసగా ఉన్న ఇత్తడి మొనల మీద వేలి జిడ్డు పేరుకుంది. మెత్తటి గుడ్డతో తుడిచాడు. గోడకు న్యూస్‌పేపర్ అంటించి గురిపెడితే లెన్సు చటుక్కున పట్టుకుంది. పేపర్ తీసేసి ఉత్త తెల్లగోడకు గురిపెడితే గుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరిగి, ఎక్కడా నిలవలేదు. అప్పుడర్థమైంది. దీనికి పట్టుకోవడానికి ఒక గీతో అంచో కావాలి. అదీ కెమెరాకు కన్ను ఆనించి చూసే అద్దంలో, నడిమధ్య ఉన్న చిన్న గడిలోనే. పుట్టినరోజునాడు ఆ గడి మనుషుల మధ్య సందులో పడి, క్యాలెండర్‌ను పట్టుకుంది.

రెండ్రోజులకు పాండురంగం భార్య కళావతి కూతుర్ని ఎత్తుకొచ్చింది. పిల్లకు తెల్ల గౌను. గడి గౌను మీద పడగానే లెన్సు మళ్లీ గుర్రుమంది. సారంగపాణి కొంచెం పైకెత్తి, పిల్ల బుగ్గన పెట్టిన నల్లటి దిష్టిచుక్క మీద గడి నిలిపి మీట సగం నొక్కాడు. లెన్సు ఠక్కున ఆగింది. మీట వదలకుండా ఫ్రేము సర్దుకుని, ఫ్లాష్ వెలిగించాడు. అలా ఎనిమిది తీశాడు. నమ్మకం చాలక లెన్సు మార్చి, చేత్తో తిప్పి మరో నాలుగు తీశాడు. మిగిలిన రీలుకు భార్య సుగుణను అదే స్టూలు మీద కూర్చోబెట్టి, అదే ఫ్లాష్‌తో తీసి ముగించాడు.

ఈసారి కవరు విప్పితే ప్రాణం లేచొచ్చింది. పిల్ల కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. ఫోకస్ కుదిరినకొద్దీ ఎడమ కంట్లో తెల్లదనం కూడా తేటపడింది. అలికినట్టు లేదు. నల్లగుడ్డు నడిమధ్య, గుండ్రంగా, పాలచుక్కలా ఉంది.

దుమ్మేమోనని నెగెటివ్‌ను భూతద్దం కింద పెట్టాడు. శుభ్రంగా ఉంది. లెన్సేమో అంటే, రెండు లెన్సులతో తీసినవాటిలోనూ ఉంది. ఫ్లాష్ అంటే, సుగుణ రెండు కళ్లూ ఆ వెలుగుకు అందరికీ పడేట్టే ఎర్రగా పడ్డాయి. పిల్ల పక్కకు చూసిన ప్రతి ఫొటోలో, ఎడమ కంట్లోనే, అదే చోట తెల్లచుక్క. ఇక తప్పు పట్టడానికి కెమెరాలో ఏమీ మిగల్లేదు.

"ఏమైందయ్యా, మొఖం గట్ల పెట్టినవ్?" అంది సుగుణ.

చూపించాడు.

"నువ్వు డాక్టర్‌వు కాదు. లేకలేక పుట్టిన పిల్ల. ఎట్ల చెప్తవు?"

"చెప్పకుంటే?"

కవరు చంకలో పెట్టుకుని పాండురంగం ఇంటికి నడిచాడు. తన అనుమానం తప్పయితే ఆ గడప మళ్లీ తొక్కలేడు. నిజమైతే? ఆ మాట తలుచుకోవడానికే భయమేసింది.

పాండురంగం ఫొటోలు చూసి మొదట మురిసిపోయాడు. సారంగపాణి తెల్లచుక్క మీద వేలుపెట్టి, "సేటూ, బిడ్డ కన్ను ఒకసారి పెద్ద డాక్టర్‌కు చూపియ్యాలె," అనేసరికి లేచి నిలబడ్డాడు.

"మొన్న కెమెరా ఖరాబ్ అంటివి. ఇయ్యాల నా బిడ్డ కన్ను ఖరాబ్ అంటున్నవా? లే, ముందు బయటికి నడువు!"

"ఆయన్ను ఏమనకు." లోపలి గది గుమ్మంలో కళావతి నిలబడి ఉంది. చంకలో పిల్ల. "నేను చూసిన. దీపాలు పెట్టే యాళ్లకు పిల్లికన్ను తీర్గ మెరుస్తది. రెండు నెలలాయె. నాకొక్కదానికే కనబడ్తుందనుకున్న. నోట్లెకెళ్లి మాటస్తే నిజమైతదేమోనని ఎవ్వలకు చెప్పలే."

పాండురంగం భార్య వంకా, ఫొటో వంకా మార్చిమార్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నా, నువ్వు గూడ రా," అంది కళావతి. "డాక్టర్ ఏమన్నా అడిగితే నాకు చెప్పరాదు."

మర్నాడు పొద్దున కాజీపేటలో రైలెక్కారు. దారి పొడుగునా పిల్ల సారంగపాణి చొక్కా గుండీలు పీకుతూ ఆడుకుంది. హైదరాబాద్ కంటి ఆస్పత్రిలో డాక్టరమ్మ ముందు ఫొటోలు చూసింది. తర్వాత పిల్లకు మత్తిచ్చి కన్ను చూసింది. బయటికొచ్చి, తల్లిదండ్రుల్ని కూర్చోమంది.

"కంటి లోపల గడ్డ ఉంది. క్యాన్సర్. ఆ కన్ను తీసెయ్యాలి. ఇప్పుడైతే పాప బతుకుతుంది. ఆలస్యమైతే మెదడుకు పాకుతుంది."

పాండురంగం బావురుమన్నాడు. కళావతి ఏడవలేదు. "రెండో కన్ను?" అని అడిగింది.

"ఇప్పటికైతే బాగుంది. మూడు నెలలకోసారి చూడాలి."

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ సారంగపాణి వరండాలో గోడకానుకుని నిలబడ్డాడు. మొదటి కవరులోనే కనబడింది కదా. మసకలో మసకనుకుని పది రోజులు కెమెరాను తిట్టుకుంటూ గడిపాడు. డాక్టరమ్మ బయటికి రాగానే, పిల్ల ఎలా ఉందని కూడా అడక్కుండా, "అమ్మా, ఆ పది రోజులు..." అన్నాడు.

"పది రోజులకేమీ కాదు. మీరు చూడకపోతే నెలలు పోయేవి."

తలాడించాడు గానీ, ఆ మాట పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత రెండేళ్లు, మూడు నెలలకోసారి ఆ కుటుంబం హైదరాబాద్ వెళ్లొస్తూనే ఉంది. వాళ్లు వెళ్లిన రోజు సారంగపాణికి పని సాగేది కాదు. ఎనభై తొమ్మిది వానాకాలంలో, ఒక మధ్యాహ్నం పక్క మందుల షాపువాడు ఫోన్ వచ్చిందని కేకేశాడు. వానలో పరుగెత్తి రిసీవర్ అందుకున్నాడు.

"అన్నా, రెండో కన్ను మంచిగనే ఉన్నదట," అంది కళావతి గొంతు. "ఇగ ఆర్నెల్లకొకసారి వస్తే సాలన్నరు."

వెనకాల పిల్ల ఏదో కావాలని మారాం చేస్తోంది. సారంగపాణి ఫోన్ పెట్టేసి, తడిసిన బట్టలతోనే ఆ షాపు బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయాడు.