మ్యాచింగ్ చూసి కొన్న పుస్తకం

మా అత్తగారు సుబ్బరత్నమ్మకి డెబ్బై ఒకటి. తన కర్మకి పెట్టే ఫోటో తానే చూసుకుని పోవాలని ఆవిడ పంతం. "పోయాక దండేసి గోడకి తగిలిస్తే నేనేం చూస్తాను, బతికుండగా చూపించండి" అంటుంది. సబబే. చిక్కల్లా ఆ ఫోటోలో పక్కన మా మావయ్యగారు కూడా ఉండాలట. ఇద్దరూ కలిసి ఒక్క ఫోటో కూడా దిగలేదు. ఆయనది ఒక్కటే ఉంది, ఇరవై అయిదేళ్ళప్పుడు బందరులో దిగింది. డెబ్బై ఏడు ఉప్పెనలో ట్రంకుపెట్టెతో సహా నానిపోయి, మొహం మీద బురద మరకలతో మిగిలింది. ఉప్పెనకి పోని మనిషి రెండేళ్ళ తర్వాత చేలో పాము కరిచి పోయాడు. దేవుడి పద్ధతులు నాకెప్పుడూ నచ్చలేదు.

మాది అవనిగడ్డలో ఫోటో స్టూడియో. మా ఆయన తాతారావు ఫోటోలు తీస్తాడు. వాటికి మెరుగులు దిద్దడానికి గుడివాడలో ధీరజ్ అనే అతనికి పంపిస్తాం. అత్తగారి ఫోటోతో కలిపి ఇదీ అతనికే పంపాం. ఆ మహానుభావుడు అత్తగారి మొహానికి అరకేజీ మైదా పూసి, మావయ్యగారికి ఎవరిదో కోటు తొడిగి, వెనక మంచుకొండలు పెట్టి పంపాడు.

"ఎవరే వీళ్ళు, చలికి చచ్చేట్టున్నారు" అంది అత్తగారు.

నాకు ఒళ్ళు మండింది. ఫోటోషాప్ నేనే నేర్చుకుంటానన్నాను.

"వీడియోలు చూసి నేర్చుకోవచ్చుగా" అన్నాడు మా ఆయన. అదీ చూశాను. చెప్పేవాడు ఎక్కడ నొక్కాడో కనిపెట్టేలోపు ఇంకో మూడుచోట్ల నొక్కేస్తాడు. వెనక్కి తిప్పితే ప్రకటన వస్తుంది. పుస్తకమైతే వేలు పెట్టుకుని ఆగొచ్చు.

బందరు వెళ్ళి, పుస్తకాల షాపులో బరువు చూసి, అన్నిట్లోకీ లావుపాటిది కొన్నాను. మొదటి నూరు పేజీలూ కంప్యూటరు పుట్టుపూర్వోత్తరాలే. మౌస్ ఎవరు కనిపెట్టారో ఉంది గానీ మరక ఎలా తీయాలో లేదు. మళ్ళీ వెళ్ళి, ముప్పై రోజుల్లో వచ్చేస్తుందని అట్ట మీద ఒట్టేసిన ఇంకోటి తెచ్చాను. అది రాసింది ఎవరో భాషాపండితుడు కాబోలు, "స్తర ఫలకమును తెరువుము" అంటాడు. మా కంప్యూటరంతా గాలించాను. స్తరమూ కనబడలేదు, ఫలకమూ కనబడలేదు.

"ఈసారి నేనూ వస్తానే" అంది అత్తగారు.

"మీకు చదవడం రాదు కదా అత్తయ్యా."

"నువ్వు చదివి ఉద్ధరించింది చూశాంగా" అంది.

షాపు యజమాని దైవాధీనం గారు కుర్చీ వేశారు. అత్తగారు సంచీలోంచి మావయ్యగారి ఫోటో తీసి, చీర పట్టుకెళ్ళి జాకెట్టు గుడ్డకి మ్యాచింగ్ చూసినట్టు, ఒక్కో పుస్తకం తెరిచి బొమ్మల పక్కన పెట్టి చూడటం మొదలెట్టింది. సముద్రం ఒడ్డున దొరసాని ఉంటే మూసేసింది. సీతాకోకచిలుకలైపోతున్న పిల్ల ఉంటే మూసేసింది. షాపులో జనం నవ్వుతున్నారు. నాకు తల కొట్టేసినట్టుంది.

"ఆ అడుగు అరలోది తియ్యండి బాబూ" అంది.

దుమ్ము కొట్టుకుపోయిన పల్చటి పుస్తకం. అందులో ఫోటోలన్నీ చిరిగినవీ, చెద తిన్నవీ, నీళ్ళకి ఉబ్బినవీ. ఒక పేజీలో అచ్చం మావయ్యగారి మొహం మీదున్నటువంటి మరకే.

"ఇందులో అందరూ మనలాగే పాడైపోయినోళ్ళే. ఇదిప్పించండి" అంది.

రాసినాయన కూడా ఎక్కడో స్టూడియో నడిపినవాడే. తెర మీద లేయర్ అని ఉంటే, పండితుడిలా స్తరం అనకుండా, పుస్తకంలోనూ లేయర్ అనే రాశాడు. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు అని ముందే చెప్పాడు, నేను సరిగ్గా అక్కడే బోల్తా పడ్డాను. పదకొండు రోజులకి మరకలు పోయాయి. మావయ్యగారి కళ్ళు బయటపడ్డాయి. మా ఆయన వచ్చి, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. నాన్న పోయేనాటికి అతనికి మూడేళ్ళు.

అక్కడితో ఆగితే నేను వీరలక్ష్మిని ఎందుకవుతాను? పక్కన అత్తగారిని పెట్టి చూస్తే నానమ్మా మనవడిలా ఉన్నారు. పుస్తకంలో లేని తెలివి చూపించాను. మా ఆయన ఫోటోలోంచి నెరిసిన జుట్టూ, జారిన బుగ్గలూ తీసి మావయ్యగారికి అతికించాను. ఈడూజోడూ కుదిరింది. గర్వంగా పిలిచి చూపించాను.

"పక్కనెవరే?"

"మావయ్యగారే అత్తయ్యా. ఇప్పుడుంటే ఇలా ఉండేవారు."

"లేడుగా" అంది. "ఆయనకి తెల్లజుట్టు ఎప్పుడొచ్చిందే? తీసెయ్."

"మరి మీరు ఆయనకి నానమ్మలా కనిపిస్తారు."

"కనిపిస్తే నీకేంటి నొప్పి? నా ముడతల్లో ఒక్కటి తీసినా ఊరుకోను."

అతికించినవి తీసేశాను. పాతికేళ్ళ కుర్రాడు తిరిగొచ్చాడు, పక్కన డెబ్బై ఒక్క ఏళ్ళ పెళ్ళాం. అత్తగారు కళ్ళజోడు పైటతో తుడిచి పెట్టుకుని, తెరకి దగ్గరగా వంగింది. మాట్లాడింది నాతో కాదు.

"చూశావా, నీ కొడుకుని పెంచేసరికి ఎలా అయిపోయానో" అంది.

నాకు ఏడుపొచ్చింది, అక్కడే కూర్చుని ఏడ్చాను.