కడబంతి

నా భార్య లాల్ బీ ఏమి తినేదో నేను ఎన్నడూ చూడలేదు. పదిహేడేళ్ల కాపురంలో ఒక్క పూట కూడా చూడలేదు. మా ఇళ్లలో మగవాళ్లు ముందు తింటారు, తర్వాత పిల్లలు. ఆడవాళ్లది కడబంతి. అప్పటికి నేను చెయ్యి కడుక్కుని బయట పంచలో దూదేకుతూ ఉండేవాణ్ణి. కుండలో ఎంత మిగిలిందో నాకు పట్టేది కాదు.

పందొమ్మిది వందల ఇరవై మూడో సంవత్సరం కరువులో ఆమె చనిపోయింది. చలిజ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది. శవానికి స్నానం చేయించిన మా అక్క బషీరాబీ తడి చేతులతోనే నా దగ్గరికి వచ్చింది.

"ఒంట్లో ఎముకలు తప్ప ఏం లేవురా హుసేనూ. జ్వరం చేసిందేం లేదు."

"గింజలు తెచ్చేసినా గదా," అన్నాను.

తెచ్చిన మాట నిజమే. కొర్రలో, జొన్నలో, ఏదో ఒకటి ఇంటికి వచ్చేది. అది ఎవరి కడుపులోకి పోయిందో నేను అడగలేదు.

మాకు ఒక్కతే కూతురు, ఫాతిమా బీ. తల్లి పోయేనాటికి పద్నాలుగేళ్లు. నలభయ్యో దినం ఫాతెహా చదివించి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టాం. అందరూ లేచాక ఫాతిమా గోడ వైపు తిరిగి కూర్చుని తింటోంది. ఆకలి మీద ఉన్న పిల్ల గబగబా తింటోంది. అది చూసి నాకు ఒళ్లు మండింది.

"మీయమ్మ నోటికాడి కూడు తిని పెరిగినావు. ఇంకా చాల్లేదా?"

దుఃఖంలో నోరు జారిందని చెప్పుకోను. అనాలనే అన్నాను. ఆ పిల్ల తినడం ఆపిందో లేదో కూడా చూడకుండా బయటికి వచ్చేశాను.

ఆ మరుసటి వారం నుంచి ఆమె ఒక్కపొద్దులు మొదలుపెట్టింది. రంజానులో తప్పిన ఒక్కపొద్దులు తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చాలి. లాల్ బీకి కాన్పులు అయిదు, దక్కింది ఈ పిల్ల ఒక్కతే. ఆ కాన్పులకూ జబ్బులకూ తప్పిన ఒక్కపొద్దులు చాలా ఉన్నాయనీ, తల్లి బదులు తాను ఉంటాననీ చెప్పింది. నేను మెచ్చుకున్నాను. ఊరంతా మెచ్చుకుంది. పసిబిడ్డలకు జ్వరమొస్తే ఎత్తుకొచ్చి ఈ పిల్ల చేత తాయెత్తు కట్టించుకున్నారు. పరుపులు కుట్టడానికి ఏ ఊరు పోయినా, "అంత పుణ్యాత్మురాలికి నాయనవప్పా నువ్వు," అని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేవాళ్లు. తాగేవాణ్ణి.

పొద్దు గూకితే ఒక గుక్క నీళ్లు తాగి వంటింట్లోకి పోయేది.

"తిన్నావా?"

"తిన్నా నాయనా."

వంట మాత్రం తల్లి కంటే బాగా చేసేది. సంగటి, ఊరిబిండి పచ్చడి, చింతాకు పప్పు. పక్కన నిలబడి, ఇంకొక ముద్ద, ఇంకొక ముద్ద అని నాకు పెట్టేది. ఆ ఏడాది నాకు పొట్ట వచ్చింది.

చూడాలనుకుంటే కనిపించేవి చాలా ఉన్నాయి. రోహిణి కార్తె ఎండలో బొంత కప్పుకునేది. తలదువ్వుకుంటే వెంట్రుకలు పిడికెడు వచ్చేవి. అవసరం లేకపోయినా బావికి పది సార్లు పోయేది, ఊరికే కూర్చోలేకపోయేది. నేనూ చూశాను. ఒక్కపొద్దుల మహిమ అనుకున్నాను.

రెండో వేసవిలో బావి దగ్గర పడిపోయింది. నేనే చేతుల మీద ఎత్తుకుని వచ్చాను. దూది ఎత్తి ఎత్తి, ఏది చేతిలో పెట్టినా ఎన్ని వీశెలో చెప్పగలను. పదహారేళ్ల పిల్ల మూడు మణుగులు తూగలేదు, పదేళ్ల పిల్లంత లేదు.

బషీరాబీ ఆ పిల్ల వీపు తడిమి, "లాల్ బీకి నీళ్లు పోసినప్పుడు ఇట్లానే తగిలినాయి చేతికి," అంది. అప్పుడే బండి కట్టించాను.

జమ్మలమడుగు మిషను ఆసుపత్రిలో కృపమణి అని ఒక నర్సమ్మ ఉండేది. యాభై ఏళ్ల మనిషి, కిరస్తానీ. ఫాతిమా చెయ్యి పట్టుకుని చూసి నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్లనుంచి తినడంల్యా?"

"ఒక్కపొద్దులుంటాందమ్మా."

"నేనడిగింది అది గాదు. తినక ఎన్నాళ్లాయ?"

"తెలీదమ్మా."

"ఇద్దురూ ఒక ఇంట్లోనే ఉంటారా?"

ఆమె నన్ను వరండాలోకి తీసుకుపోయింది.

"మా గుళ్లో గూడా ఉన్నింది ఒక పిల్ల, సంతోషమ్మ అని. ఉపవాస ప్రార్థన అనె. పాస్టరుగారు మెచ్చుకునె, మేం మెచ్చుకుంటిమి. మెచ్చుకోని మెచ్చుకోని పూడ్చిపెట్టినాం. ఇది భక్తి గాదప్పా, దయ్యం గాదు. జబ్బు. ఇప్పుడు ఆ పిల్ల తినాలన్నా తినలేదు. ముద్దను చూస్తే పామును చూసినట్లుంటాది."

"ఏం జేయాలమ్మా?"

"ఒకేసారి పెట్టొద్దు, ప్రాణం పోతాది. స్పూనుతో గంజి. ఏళకు ఏళ తప్పొద్దు. తిట్టొద్దు, బతిమాలొద్దు, తింటే మెచ్చుకోవద్దు. పక్కన కూచోని నువ్వు గూడా అదే తిను. తిన్నాక గూడా లేయనీయకుండా కూచోబెట్టుకో."

"ఎన్ని దినాలమ్మా?"

"దినాలా," అని ఆమె లోపలికి పోయింది.

గంజికి ఫాతిమా నోరు తెరవలేదు. ఒక్కపొద్దు ఉన్నానని మొహం తిప్పుకుంది. నేను ఊరికి వచ్చి ముల్లాసాబును అడిగాను. జబ్బు మనిషికి ఒక్కపొద్దు లేదనీ, చనిపోయినవాళ్ల ఒక్కపొద్దులు ఇంకొకరు ఉపవాసం ఉంటే తీరవనీ, ఒక్కో దానికి ఒక్కో పేదవాడికి కడుపునిండా పెట్టాలనీ ఆయన చెప్పాడు. సంతోషంగా తిరిగిపోయి పిల్లకు చెప్పాను. పని అయిపోయిందనుకున్నాను.

ఆమె నా వైపు చూసింది.

"ఒక్కపొద్దులకు గాదు నాయనా. నేను తింటే అమ్మ కూడు తిన్నట్లుంటాది. నువ్వే అంటివి గదా."

అన్నాను. లేదనడానికి లేదు. కృపమణి గంజి గిన్నె పట్టుకుని నిలబడి వింటోంది. ఆమె ముందు సిగ్గు కూడా వేయలేదు.

"నేనన్నింది అబద్ధం," అన్నాను. "మీయమ్మ కూడు తినింది నేను. నీ కంటే ముందు కూచునింది నేను. రెండో సంగటి ముద్ద అడిగింది నేను. నువ్వు తినింది నేను మిగిలిస్తే."

క్షమించమని నేను అడగలేదు. అది అడిగితే ఇచ్చేది కాదు. ఆ సాయంత్రం ఫాతిమా మూడు స్పూన్ల గంజి తాగింది. నేనూ గంజే తాగాను.

రెండు నెలలకు ఇంటికి వచ్చాం. నేను వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని కూతురితో కలిసి తినడం మొదలుపెట్టాను. పొద్దున, మధ్యాహ్నం, పొద్దు గూకే వేళ. ఒక ముద్దకు ఒక్కోసారి గంట పట్టేది. దూది పని ఆగిపోయేది. ఊరు నవ్వింది. ఎదురింటి అయ్యన్న నలుగురిలో పిలిచి అడిగాడు.

"ఏమప్పా హుసేన్ వలీ, పొయ్యికాడ కూతురితో కలిసి తింటాండావంట. గాజులు గూడా ఏసుకోరాదా?"

"నీ పెండ్లానివి పంపు, ఏసుకుంటా. ఆయమ్మకు మోచేతికి జారతాండాయి. ఎప్పుడన్నా చూసినావా?"

అయ్యన్న నవ్వు ఆగిపోయింది. చూడలేదని తెలుస్తూనే ఉంది.

బాగుపడడం నేరుగా జరగలేదు. నాలుగు నెలలు తిని మళ్లీ మానేసింది. ఏకిన దూది కుప్పలో చెయ్యి పెడితే ఎండిన సంగటి ముద్దలు దొరికాయి, ఎనిమిదో తొమ్మిదో. కొట్టడానికి చెయ్యి ఎత్తాను. ఆ పిల్ల పక్కకు జరగలేదు. చెయ్యి దించి, ఆ ముద్దలు గొడ్లకు వేసి, మళ్లీ గంజి నుంచి మొదలుపెట్టాను. రంజానులో ఒక్కపొద్దు ఉంటానని ఏడ్చింది. నేను కూడా ఒక్కపొద్దులు మానుకుని పగలు ఆమె పక్కన తిన్నాను. మసీదులో నాతో కొందరు మాట్లాడడం మానేశారు. వాళ్లతో నాకూ మాటలు లేవు.

మూడో ఏటికి వెంట్రుకలు మళ్లీ వచ్చాయి. ఆగిపోయిన నెలసరి మళ్లీ వచ్చిందని బషీరాబీ చెప్పి కళ్లు తుడుచుకుంది. ఆకలి మాత్రం వేయదంటుంది ఫాతిమా. వేళకు తింటుంది, మందు తిన్నట్లు. అయినా తింటుంది.

నిరుడు ప్రొద్దుటూరు నుంచి దాదా ఖలందర్ అనే పరుపుల వ్యాపారి తన కొడుక్కు ఫాతిమాను అడగడానికి వచ్చాడు. మంచి సంబంధం. అన్నిటికీ ఒప్పుకున్నాను. ఒక మాట అడిగాను.

"మా పిల్లను కడబంతికి పెట్టొద్దు. ఇంట్లో పెద్దోళ్లెవురన్నా పక్కన కూచోని తినాల."

ఆయన నవ్వాడు. "ఇదేం షరతప్పా. యాడన్నా ఉండాదా? కోడలు ముందు తింటే అత్త తర్వాత తినాల్నా?"

"అందరూ కలిసి తినండి."

"మా ఇండ్లల్లో కుదిరేది గాదు."

"అయితే మా పిల్లను ఇయ్యను."

బషీరాబీ నన్ను నోటికొచ్చినట్లు తిట్టింది. పిల్ల బతుకు నాశనం చేశానంది. కావచ్చు. బతుకు ఉంటేనే కదా నాశనం అయ్యేది అన్నాను. ఫాతిమా గడప లోపల నిలబడి అంతా విన్నది.

ఆ రాత్రి కాదు, మరునాడు మధ్యాహ్నం, తింటూ తింటూ అడిగింది.

"నాయనా, అమ్మకు ఏం కూర ఇష్టం?"

గుర్తొచ్చిన కూరలన్నీ నాకు ఇష్టమైనవే. తెలుసుకొస్తానని చెప్పి అక్క ఇంటికి పోయాను. బషీరాబీ చేట పక్కన పెట్టి నా మొహం చూసింది.

"కడాకు తినేదానికి ఇష్టమేందిరా? ఏది మిగిలితే అది."

తిరిగి వచ్చి, గోంగూర అని అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం గోంగూర వండింది. ఇద్దరం తిన్నాం. ఉప్పు సరిపోయిందా అని అడిగింది. సరిపోయిందన్నాను.