సాయవ్వ పేరు మీద పర్మిట్

నిజామాబాద్ బస్టాండు ఎదురుగా మేడ మీద ఉన్న ట్రావెల్స్ ఆఫీసులో దశరథం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. పదేళ్లుగా కమ్మర్‌పల్లి, ఆర్మూర్ వైపు మనుషులను దుబాయికి, మస్కట్‌కు పంపుతున్నవాడు. ఏ విమానం ఏ రోజు ఎన్ని గంటలకు లేస్తుందో కాగితం చూడకుండా చెబుతాడు. అలాంటివాడు ఉత్తరం బల్ల మీద పెట్టి తల గోక్కున్నాడు.

"భూటానా? గది నేపాల్ల ఉంటది కదక్కా?"

"కాదు తమ్మీ. నేపాల్ వేరే, గిది వేరే. వేరే రాజు, వేరే జెండా," అంది ఎదురుగా కూర్చున్న శారమ్మ. "సక్కగ సదువు. అండ్ల అంతా రాసిండ్రు."

శారమ్మకు నలభై నాలుగేళ్లు. ఊరి బయట ఉన్న కుష్ఠు ఆసుపత్రిలో చెప్పులు కుట్టే గదికి ఆమే పెద్ద. ఆ గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. భర్త పోయి పదకొండేళ్లయింది, పిల్లలు లేరు. ఆమె పని చూడటానికి చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ ఆ జబ్బు చేసినవాళ్ల కాళ్లకు స్పర్శ ఉండదు. ముల్లు దిగినా తెలియదు, చెప్పు ఒరుసుకుని పుండు పడినా తెలియదు. తెలిసేసరికి వేలు పోతుంది, ఒక్కోసారి పాదమే పోతుంది. అందుకని శారమ్మ ముందు మనిషిని కూర్చోబెట్టి, పాదాన్ని ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో అడుగంతా నొక్కి చూస్తుంది. బరువు ఎక్కడ పడుతుందో అక్కడ మెత్తరబ్బరును తొలుస్తుంది. ఆమె కుట్టిన చెప్పులు వేసుకుని పుండు తిరగబెట్టిందని వచ్చినవాళ్లు ఆ జిల్లాలో చాలా తక్కువ.

ఇదివరకు అక్కడే పనిచేసిన రూతు డాక్టరమ్మ, మూడేళ్ల కింద భూటాన్‌లో తూర్పు కొండల్లో ఉన్న ఒక ఆసుపత్రికి వెళ్లింది. అక్కడినుంచి ముప్పై ఎనిమిది మంది పాదాల గీతలు కాగితాల మీద గీయించి పోస్టులో పంపింది. శారమ్మ ఆ కొలతలకు చెప్పులు కుట్టి పార్సిల్ చేసింది. నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. సగం మందికి మళ్లీ పుళ్లు పడ్డాయట. ఆ ఉత్తరం చదివిన రోజు శారమ్మ అన్నం తినలేదు. గీత పాదం పొడవు చెబుతుంది కానీ బరువు చెప్పదు కదా అని మర్నాడు తేల్చుకుని, "కాళ్లను పోస్టుల పంపలేరు గనుక నేనే వస్తాను" అని జవాబు రాసింది. దానికి జవాబుగా వచ్చిన పిలుపే ఇప్పుడు దశరథం బల్ల మీద ఉంది.

"ముందుగాల పాస్‌పోర్టు గావాలె అక్కా. నాలుగు నెలలు పడ్తది."

"మన దేశపోళ్లకు అక్కర లేదట. ఫోటో ఉన్న ఓటరు కార్డు సాలట. పర్మిట్ మాత్రం గావాలె, గది అక్కడ దిగినంక ఇస్తరు."

దశరథం నవ్వాడు. "పాస్‌పోర్టు లేకుంట పరాయి దేశం పోయినోన్ని నేను గీ పదేండ్ల ఒక్కన్ని సూడలె."

"నువ్వు సూడకుంటే ఆ దేశం లేదా తమ్మీ? ఢిల్లీల వాళ్ల ఆఫీసున్నదట. నంబరు గిదే. ఫోన్ జెయ్యి, మాట్లాడు."

మూడోసారికి లైను కలిసింది. దశరథం తన ఉర్దూలో నాలుగు ప్రశ్నలు అడిగి, "జీ సాబ్, జీ సాబ్" అంటూ ఒక చీటీ నిండా రాసుకున్నాడు. ఫోన్ పెట్టేశాక అతని ముఖం మారిపోయింది. కొత్త దారి దొరికిన డ్రైవరులా హుషారుగా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"నువ్వన్నదే నిజమక్కా. గని ఒక్క ముచ్చట. ఆ దేశానికి వాళ్ల ఇమానమే పోతది, ఇంకోళ్లది పోదు. కలకత్తా నుంచి వారానికి రెండే దినాలు. దిగే తాన సుట్టు కొండలు, నడుమ సన్నటి లోయ. పైలట్ కండ్లతోటి దారి సూసుకుంటనే దిగాలెనట. మబ్బు కమ్మితే ఆ దినం ఇమానమే లేదు."

శారమ్మ సంచిలోంచి నోటుబుక్కు తీసింది. చెప్పు కొలతలు రాసినట్టే ప్రయాణాన్ని కూడా రాసుకుంటూ పోయింది. విమానం దిగిన ఊరి నుంచి ఆసుపత్రికి మూడు రోజుల రోడ్డు. నడుమ ఒక ఎత్తైన కనుమ, డిసెంబరు నడిమికల్లా మంచుతో మూసుకుపోతుంది. వానకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. అంటే దసరా తర్వాత పోవాలి, మంచుకు ముందే తిరిగి రావాలి. హౌరా రైలు దిగిన మర్నాడే విమానానికి టికెట్ తీస్తానని దశరథం అంటే ఆమె ఒప్పుకోలేదు.

"రెండు దినాలు మిగులు పెట్టు. రైలు ఆలిశమైతే ఎట్ల? మబ్బు పడితే ఎట్ల?"

"సరే అక్కా. ఎడమ దిక్కు కిటికీ సీటు అడుగుత. మంచు కొండలు ఆ దిక్కే కనవడ్తయట," అన్నాడు దశరథం, తనే ఎక్కబోతున్నంత సంబరంగా. "ఏదీ, కార్డు ఇటియ్యి. పేరు రాసుకుంట."

కార్డు చూసి ఆగిపోయాడు. దాని మీద ఆమె ఫోటోనే ఉంది. పేరు మాత్రం సాయవ్వ అని ఉంది.

మాక్లూర్‌లో పుట్టినప్పుడు తల్లి పెట్టిన పేరది. పంతొమ్మిదో ఏట మెథడిస్టు చర్చిలో బాప్తిస్మం తీసుకున్నప్పుడు శారమ్మ అయింది. ఆసుపత్రి రిజిస్టరులో, జీతం చీటీలో, నలుగురి నోట్లో అంతా శారమ్మే. రేషన్ కార్డులో, ఓటర్ల లిస్టులో మాత్రం పాత పేరే ఉండిపోయింది. చర్చిలో సగం మందికి అంతే. దానివల్ల ఇన్నాళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

"పిలుపు శారమ్మకొచ్చింది, కార్డు సాయవ్వది," అన్నాడు దశరథం. "వాళ్ల లెక్కల ఇద్దరు మనుషులైనట్టే." గొంతు తగ్గించాడు. "నాకు ఎరుకైనోడు ఒకడున్నడు. శారమ్మ పేరు మీద కొత్త కార్డు వారంల తెచ్చిస్తడు."

"దొంగ కార్డు వట్టుకోని ఇంకో దేశం గడప తొక్కుతనా?" శారమ్మ గొంతు పెంచలేదు కానీ దశరథం కళ్లు దించుకున్నాడు. "సాయవ్వ ఏమన్న పరాయిదా? గది గూడ నేనే. మా అవ్వ పెట్టిన పేరు. టికెట్ సాయవ్వ పేరు మీద తియ్యి. పిలుపు ఎవరిచ్చిండ్రో వాళ్లనే ఆ పేరు మీద పర్మిట్ అడుగుమందం. ఫ్యాక్స్ మిషన్ ఉన్నది కదా? రాయి, నేను జెప్త."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి, దానికి ఓటరు కార్డు నకలు, పాస్టరు గారి ఉత్తరం, ఆసుపత్రి సూపరింటెండెంటు సంతకం చేసిన కాగితం జత చేసి పంపారు. సీటు పదిహేను రోజుల వరకే పట్టి ఉంచుతామని విమానంవాళ్లు చెప్పారు.

జవాబు రాలేదు. పన్నెండు రోజులు రోజూ డ్యూటీ దిగాక శారమ్మ ఆ మేడ మెట్లెక్కింది. దశరథం ఫ్యాక్స్ మిషన్ వైపు చూసి చేతులు తిప్పేవాడు. పదో రోజు దిగి వస్తూ మెట్ల మీద కూర్చుండిపోయింది. పేరు మార్చుకున్న రోజు తల్లి ఏమీ అనలేదు. కానీ చివరిదాకా సాయవ్వా అనే పిలిచింది. ఎనిమిదేళ్ల కింద తల్లి పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్లే లేరు. ఇప్పుడు ఎరుగని దేశంలో ఎవరో ఆఫీసరు ఆ పేరు నమ్ముతాడా? బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కొంతసేపటికి లేచి చీర దులుపుకుని, ఇంటికి పోయి ఆరెలకు పదును పెట్టుకుంది. తోలుకు తూట్లు పొడిచే ఆ సూదుల అవసరం పర్మిట్ వచ్చినా రాకున్నా ఉండేదే.

పదమూడో రోజు మధ్యాహ్నం దశరథం స్వయంగా స్కూటరు మీద ఆసుపత్రికి వచ్చాడు. చేతిలో మెరుస్తున్న ఫ్యాక్స్ కాగితం. సాయవ్వ అనబడే శారమ్మకు పర్మిట్ మంజూరు చేయడానికి అభ్యంతరం లేదని ఉంది. ఆలస్యమెందుకంటే కొండచరియ పడి డాక్టరమ్మ వాళ్ల ఊరికి వారం రోజులు టెలిఫోను లేదట.

ఇక మిగిలింది అన్న లాజరు. ఎడపల్లిలో ఉంటాడు, చెరుకు లారీ తోలుతాడు. సీజన్ మొదలుకాక ముందు ఇంటి పట్టునే దొరుకుతాడని శారమ్మ ఆదివారం వెళ్లింది. అతను లారీ టైరు విప్పుతూ విన్నాడు.

"నీకేమన్న పిస లేసిందా శారా? కొండల నడుమ దిగే ఇమానమంట. ఒంటి ఆడిదానివి. బాస రాదు, తొవ్వ ఎరుక లేదు."

"అన్నా, నువ్వు గీ లారీ మొదలు తోలినప్పుడు మా బాపు గిదే అన్నడు. చెరుకు లోడు ఒరిగితే ఎట్లరా అని. నువ్వు తోలలేదా?"

"గది వేరే."

"ఏం వేరే? నీకు బండి ఎరుక. నాకు కాళ్లు ఎరుక. ఆ కొండల మీద ముప్పై ఎనిమిది మందిల సగం మంది నేను కుట్టిన చెప్పులే ఏసుకోని పుండ్లు తెచ్చుకున్నరు. గది నా సేతి తప్పే కదా? సక్క జెయ్యొద్దా?"

లాజరు స్పానరు పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, "ఇమానంల ఎంత బరువు పట్టనిస్తరు?" అని అడిగాడు. అన్న ఒప్పుకున్నాడని ఆమెకు అర్థమైంది.

ఇరవై కిలోలు పట్టనిస్తారు. పసుపు కొనే సేటు కాంటా మీద లాజరే పెట్టెను తూచాడు. ముప్పై నాలుగు తూగింది. రబ్బరు షీట్లు, చెక్క అచ్చులు, కత్తులు, ఆరెలు, గమ్ము డబ్బాలు. గమ్ము విమానంలో రానివ్వరని దశరథం ముందే చెప్పాడు, దాన్ని తీసేసింది. అచ్చులు తీసేసింది, చెక్క కొండల్లోనే దొరుకుతుంది. చీరలు నాలుగింటికి రెండు చేసింది. రబ్బరులో ఒక్క షీటు కూడా తగ్గించలేదు. ముల్లు సరిగ్గా ఇరవై మీద నిలిచింది.

కలకత్తాలో రైలు ఏడు గంటలు ఆలస్యంగా దిగింది. శారమ్మ మిగులు పెట్టుకున్న రెండు రోజుల్లో మిషన్ హాస్టల్లో బట్టలు ఉతుక్కుని, నిద్రపోయింది. విమానం రోజు పొద్దున్నే వెళితే, అక్కడ లోయలో మబ్బు ఉందని, రేపు బయల్దేరుతామని చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్లు కౌంటరు మీద పడి అరిచారు. ఆమె వెళ్లి ఒకటే అడిగింది, వచ్చీరాని హిందీలో, రేపు ఎన్ని గంటలకు రావాలని. అవతల ఉన్న అమ్మాయి ఆ పొద్దంతా మొదటిసారి నవ్వి, టైము రాసి ఇచ్చింది.

మర్నాడు విమానం లేచాక గంటసేపు శారమ్మ ముఖం కిటికీకి ఆనించే ఉంచింది. మబ్బుల మీద తెల్లటి కొండలు వరుసగా నిలబడి ఉన్నాయి. దిగేటప్పుడు రెక్క పక్కనే ఇళ్లు, ఆరబోసిన ఎర్ర మిరపకాయలు కనిపించాయి, గోడకు ఆనుకుని చూస్తున్న ఒక ముసలమ్మ కూడా. పక్క సీటు మనిషి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. శారమ్మ ముందు సీటును గట్టిగా పట్టుకుంది. కానీ కళ్లు మూస్తే ఇది మళ్లీ చూడలేనని తెరిచే ఉంచింది.

విమానాశ్రయం లోపల బల్ల దగ్గర, మోకాళ్ల దాకా నిలువు అంగీ తొడుక్కున్న ఆఫీసరు కాగితాలు చూసి ఒక్కొక్కరి పేరు పిలుస్తున్నాడు. శారమ్మ అద్దంలోంచి కొండలను చూస్తూ నిలబడింది.

"సాయవ్వ!"

ఎవరూ కదల్లేదు.

"సాయవ్వ!"

ఎనిమిదేళ్ల తర్వాత చెవిన పడిన పిలుపు. ఒక్క క్షణం ఆమెకు మాక్లూర్‌లో ఇంటి ముందు నిలబడి పిలిచే తల్లి గొంతే వినిపించింది. కళ్లు తుడుచుకుని, "నేనే, నేనే సాయవ్వను," అని తెలుగులోనే అంటూ ముందుకు నడిచింది. ఆఫీసరు కార్డు మీది ఫోటోను, ఆమెను చూసి, ఎందుకు వచ్చావని హిందీలో అడిగాడు. చెప్పులు కుట్టడానికి అంది. అతను ఇంకోసారి అడిగాడు. ఆమె కాలు పైకెత్తి అరికాలు చూపించి, ఇక్కడ, ఇక్కడ అని నొక్కి చూపింది. అర్థమై అతను తలూపి ముద్ర కొట్టాడు.

ఆసుపత్రి జీపు మూడు రోజులు పోయింది. మొదటి వారంలోనే ముప్పై ఎనిమిది మంది పాదాలనూ ఒళ్లో పెట్టుకుని చూసింది. ఎక్కడ తప్పు పోయిందో తెలిసింది. అక్కడి మనుషులు ఏటవాలు నేల మీద నడుస్తారు. ఎక్కేటప్పుడు మునివేళ్ల మీద, దిగేటప్పుడు మడమ మీద బరువు వేస్తారు. నిజామాబాద్ చదును నేలకు అలవాటైన చేతికి ఆ సంగతి తట్టలేదు. పాత చెప్పులన్నీ విప్పేసి, ముందువైపు ఇంకో పొర వేసి, మడమ కింద తొలిచి మళ్లీ కుట్టింది. డాక్టరమ్మ ఇద్దరు యువతులను ఆమె దగ్గర కూర్చోబెట్టింది. భాష కలవకపోయినా పాదం మీద వేలు పెట్టి చూపితే వాళ్లకు తెలిసేది.

మంచు ఆ ఏడాది పదిరోజులు ముందే పడింది. శారమ్మ బయల్దేరాల్సిన వారంలోనే కనుమ మూసుకుపోయింది. కొన్ని రోజులు మిగులు ఉంచుకుంది కానీ అవి చాలలేదు. టికెట్ తేదీ దాటిపోతుందని డాక్టరమ్మ కంగారు పడింది. శారమ్మ దశరథానికి తేదీ మార్చమని టెలిగ్రాం రాయించి, లాజరుకు కులాసా అని ఇంకొకటి రాయించి, పని గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు పొయ్యి పక్కన ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. రెండు రోజులు మంచులో నడిచి వచ్చాడు. శారమ్మ పీట వేసుకోబోయి ఆగి, పని నేర్చుకుంటున్న ఇద్దరిలో చిన్నదానికి ఆ పీట జరిపింది. ఆ అమ్మాయి పాదాన్ని ఒళ్లోకి తీసుకుని బొటనవేలితో మెల్లగా నొక్కుతూ పోయింది. ఒకచోట ఆగి తలెత్తి చూసింది. శారమ్మ రబ్బరు తొలిచే కత్తి అందించింది.