పేరు చూసి తీసిన మార్పు

ఆ అంతస్తులో ఆమెను అసలు పేరుతో గుర్తుపట్టేది గుమ్మం దగ్గరి కార్డు యంత్రం ఒక్కటే. మిగతా అందరికీ ఆమె వెనక్కమ్మ. ఎవరు చేసిన మార్పు వల్ల కోడ్ చెడినా దాన్ని వెనక్కి తీసేయడం ఆమె పని కాబట్టి ఆ పేరొచ్చింది. పెట్టినవాడు తొందరయ్య. పొద్దున్నే ఆమె బల్ల పక్కనుంచి వెళుతూ రెండు చేతులూ జోడించేవాడు.

"వెనక్కమ్మ తల్లీ! ఈ పూట నా జోలికి రాకు. నీకు రెండు కప్పుల కాఫీ మొక్కుకుంటున్నా."

"మొన్న మొక్కిన కాఫీయే ఇంకా రాలేదండీ," అనేది ఆమె తెర మీంచి చూపు తిప్పకుండా.

తొందరయ్యదీ మారుపేరే. నలభై ఏళ్ళు వచ్చేదాకా ఫోటో స్టూడియో నడిపాడు. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాక స్టూడియో మూసేసి, తన కూతురి వయసు పిల్లల పక్కన కూర్చుని కోడ్ రాయడం నేర్చుకున్నాడు. నడిచినా తొందరే, తిన్నా తొందరే, రాసినా తొందరే. ఎవరైనా మందలిస్తే, "ఇరవై ఏళ్ళు ఆలస్యంగా వచ్చానయ్యా, పరిగెత్తకపోతే ఎలా?" అనేవాడు. అతనిది ఏడాదికోసారి కొత్తగా రాసుకోవాల్సిన ఒప్పందం ఉద్యోగం.

వాళ్ళ కంపెనీ తయారుచేసేది ఆసుపత్రులు వాడే సాఫ్ట్‌వేర్. ఏ రోగికి ఏ మందు ఎప్పుడిచ్చారో నర్సులు అందులోనే రాస్తారు. నాలుగువందల మంది కలిసి రాసే ఒకే ఒక్క పెద్ద కోడ్ అది. రోజంతా ఎవరో ఒకరి మార్పు వచ్చి అందులో కలుస్తూనే ఉంటుంది. గంటకోసారి యంత్రాలు మొత్తాన్నీ పరీక్షిస్తాయి. అన్నీ సరిగ్గా ఉంటే గోడ మీది తెర పచ్చగా ఉంటుంది, ఒక్క పరీక్ష తప్పినా ఎర్రబడుతుంది. ఎర్రబడితే నాలుగువందల మంది పనీ ఆగిపోతుంది. అందుకే అక్కడ ఒక నియమం ఉంది: ముందు వెనక్కి తియ్యి, మాటలన్నీ తర్వాత. ఆ నియమం చెప్పి, పని చేతిలో పెట్టి నేర్పినవాడు విభాగం పెద్ద. ఆయన్ను అందరూ మాస్టారు అంటారు. ఆమె ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెరమీద అక్షరాల వంక గంటలకొద్దీ కదలకుండా చూడగలిగే ఆమె ఓపికను గుర్తించి, "ఈ కాపలా నీకే సరిపోతుందమ్మా," అన్నది కూడా ఆయనే.

ఇంకో నియమం కూడా ఉంది. ఒప్పందం మీద ఉన్నవాళ్ళవి మూడు నెలల్లో మూడు మార్పులు వెనక్కి వస్తే, ఆ ఒప్పందాన్ని మళ్ళీ రాయరు. ఆ లెక్క మనుషులు వెయ్యరు, యంత్రమే వేస్తుంది. తొందరయ్యకు అప్పటికి రెండు.

ఒక బుధవారం పొద్దున పదింటికి తెర ఎర్రబడింది.

తప్పిన పరీక్ష ఏదో చూడగానే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. ఇద్దరు నర్సులు ఒకే రోగి పట్టికను ఒకేసారి తెరిస్తే, ఒకరు రాసింది మాయమవుతోంది. మాయమైతే ఇచ్చిన మందే మళ్ళీ ఇస్తారు. అంతకుముందు గంటలో పదకొండు మార్పులు కలిశాయి. వాటిలో ఏదో ఒకటి దీనికి కారణం.

చెయ్యాల్సిన పద్ధతి ఆమెకు తెలుసు. పదకొండింటినీ సగానికి విడగొట్టాలి, ఏ సగంలో తప్పు ఉందో పరీక్షించాలి, ఆ సగాన్ని మళ్ళీ విడగొట్టాలి. కానీ ఈ తప్పు పిలిచినప్పుడల్లా పలికే రకం కాదు. యాభైసార్లు నడిపితే ఒకసారి బయటపడుతుంది. తేల్చాలంటే రెండు రోజులు పడుతుంది. అప్పటికే ఫోన్లు మోగుతున్నాయి. "ఏమైందమ్మా, ఇంకెంతసేపు?" అని పక్క వరుసల నుంచి అరుపులు.

ఆమె జాబితా మీద కళ్ళు పరిగెత్తించింది. మూడోది మాస్టారిది. పెద్దవాళ్ళు కూర్చున్న గదిలోంచి నడిచినట్టు, ఆ పేరు దగ్గర ఆమె చూపు ఆగకుండా దాటిపోయింది. ఆరోది తొందరయ్యది. అది కూడా రోగి పట్టికకు సంబంధించినదే. ఇంకేం కావాలి? పదకొండు గంటలు కాకముందే ఆరోదాన్ని వెనక్కి తీసేసింది. తర్వాతి గంటలో తెర పచ్చబడింది. వరుసల్లో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

మధ్యాహ్నం తొందరయ్య ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాడు, ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నా మూడో మార్పు కూడా కొట్టేశావు తల్లీ."

"నియమం కదండీ..."

"నియమం సరే. పరీక్షించే తీశావు కదా?"

ఆమె తెర వంక చూసింది. పచ్చగా ఉంది.

"ఆఁ," అంది.

అతను తల ఊపాడు. "అయితే నాదే అయ్యుంటుంది. ఎక్కడ పొరపాటు చేశానో ఎంత చూసినా కనపడటం లేదు. కళ్ళు కూడా ముసలివైపోయినట్టున్నాయి," అని నవ్వి లేచాడు. మర్నాడు అతనికి ఉత్తరం వచ్చింది. వచ్చే శుక్రవారమే ఆఖరి రోజు.

సోమవారం మధ్యాహ్నం తెర మళ్ళీ ఎర్రబడింది. అదే పరీక్ష. ఒకరు రాసింది మాయం.

తొందరయ్య మార్పు కోడ్‌లో లేదు, తీసింది తనే. తప్పు మాత్రం ఉన్నచోటే ఉంది. ఇన్నాళ్ళూ తెర పచ్చగా ఉండటానికి తను చేసిందేమీ కారణం కాదు, యాభైసార్లలో ఆ ఒక్కసారి రాకపోవడమే కారణం.

ఈసారి ఎన్ని ఫోన్లు మోగినా ఎత్తలేదు. మిగిలిన పదింటినీ సగం సగం విడగొట్టి, ఒక్కో సగాన్నీ రెండువందల సార్లు నడిపింది. మంగళవారం నాలుగింటికి జాబితాలో ఒక్కటే మిగిలింది. మూడోది.

మాస్టారి గదికి గోడలన్నీ అద్దాలే. లోపల ఎవరేమన్నదీ బయటికి వినపడదు కానీ ఎవరి మొహం ఎలా ఉందో అందరికీ కనపడుతుంది. ఆమె పరీక్షల ఫలితాలున్న కాగితాలు ఆయన ముందు పెట్టింది.

"నాదా? ఇంకోసారి నడిపి చూడమ్మా."

"నాలుగుసార్లు నడిపానండీ. మొత్తం ఎనిమిది వందలు."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని తన మార్పును పైనుంచి కింది దాకా చదివాడు. సగంలో వేలు ఆగింది.

"తియ్యి," అన్నాడు. గొంతులో కోపం లేదు. "ఇప్పుడే తియ్యి. ఇది ఆసుపత్రులకి వెళ్ళి ఉంటే..." అని మాట పూర్తి చెయ్యలేదు.

"మరి తొందరయ్యగారిది?"

"తిరిగి చేర్చు."

తీసిన మార్పును తిరిగి చేర్చేటప్పుడు యంత్రం కారణం అడుగుతుంది. అందులో ఉన్నవి రెండే. ఒకటి, 'సరిచేసి చేర్చాం'. అది ఎంచుకుంటే లెక్క అలాగే ఉంటుంది. రెండోది, 'తీయడమే తప్పు'. అది ఎంచుకుంటే లెక్క తగ్గుతుంది, కానీ ఎందుకు తప్పో కింద రాయాలి. ఆ రాసింది నాలుగువందల మందికీ వెళుతుంది, పైవాళ్ళకు కూడా. ఆ తర్వాత ఆమెను కాపలాలో ఉంచాలా వద్దా అన్నది పైవాళ్ళే తేలుస్తారు.

"సరిచేసి చేర్చామని పెట్టు," అన్నాడు మాస్టారు కిటికీ వైపు చూస్తూ.

"ఒక్క అక్షరం కూడా మార్చలేదు కదండీ. సరిచేసింది ఏముంది?"

"అతని సంగతి నేను విడిగా మాట్లాడతాలే."

"మాట్లాడితే లెక్క తగ్గుతుందా?"

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "నీకు ఇరవై ఆరేళ్ళు. నాకు రెండేళ్ళలో పదవీ విరమణ. ఈ రాత వల్ల ఇద్దరిలో ఎవరికి మంచి జరుగుతుందమ్మా?" అన్నాడు.

ఆ మాటలో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది. అదే ఆమెకు భరించరానిదిగా అనిపించింది.

ఆమె ఉండేది అక్కావాళ్ళింట్లో. అక్క వీధి చివర జిరాక్సు కొట్టు నడుపుతుంది. ఆ రాత్రి భోజనాల దగ్గర కంచంలో వేళ్ళు పెట్టి కూర్చున్న చెల్లెల్ని అక్క ఎక్కువసేపు చూడలేకపోయింది.

"ఏమే, అన్నంలో కూడా తప్పులు వెతుకుతున్నావా?"

ఆమె జరిగిందంతా చెప్పింది. బావ తినడం ఆపి విన్నాడు. అక్క మాత్రం వడ్డిస్తూనే ఉంది.

"మాస్టారు మాట్లాడతానన్నాడుగా. నీకెందుకు మధ్యలో?"

"తీసింది నేను కదే."

"పొరపాటున తీశావు. మనుషులన్నాక పొరపాట్లు చెయ్యరా?"

"పొరపాటు కాదక్కా. పరీక్షించావా అని అడిగితే ఆఁ అన్నాను."

అక్క చేతిలో గరిటె ఆగింది. ఏదో అనబోయి మొగుడి వైపు చూసింది. బావ మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "ఆ ముక్క కూడా రాస్తావా?" అన్నాడు. ఆమె కంచం తీసుకుని లేచింది.

బుధవారం పొద్దున ఆఫీసులో ఇంకా దీపాలు పూర్తిగా వెయ్యకముందే ఆమె 'తీయడమే తప్పు' ఎంచుకుంది. కింద రాయడానికి గంట పట్టింది. ముందు రాసిన పొడుగాటి పేరా అంతా కొట్టేసి చివరికి ఇలా ఉంచింది: 'ఈ మార్పులో లోపం లేదు. లోపం జాబితాలోని మూడో మార్పులో ఉంది. పదకొండింటిలో దీన్నొక్కదాన్నే తీశాను, పరీక్షించకుండా తీశాను. రాసినవారి పేరు చూసి తీశాను. పరీక్షించానని ఆయనకు అబద్ధం చెప్పాను.' మీట నొక్కి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పదిన్నరకల్లా ఆ అంతస్తంతా గుసగుసలు. ఎవరూ ఆమె బల్ల వైపు రాలేదు. మాస్టారు అద్దాల గదిలో వీపు చూపిస్తూ కూర్చున్నాడు. లెక్క మూడు నుంచి రెండుకు దిగింది. గురువారం తొందరయ్య ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. సోమవారం నుంచి కాపలా ఇంకొకరికి ఇస్తున్నామని ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది.

తొందరయ్య ఆమె బల్ల పక్కనుంచి వెళ్ళడం మానేశాడు. గురువారం గడిచింది, శుక్రవారం సగం గడిచింది. మధ్యాహ్నం మెట్ల మీద ఎదురయ్యాడు. దారివ్వడానికి ఆమె గోడవైపు జరిగింది. అతను రెండు మెట్లు దిగి ఆగాడు.

"రాసింది చదివాను."

"క్షమించండి అనడానికి కూడా..."

"అది సరేగానీ, ఒకటి అడుగుతాను. నా మూడో మార్పు పేరు చూసి తీశావు. మరి అంతకుముందు తీసిన రెండూ?"

అతను జవాబు కోసం ఆగకుండా కిందికి వెళ్ళిపోయాడు. ఎప్పటిలా రెండేసి మెట్లు దాటుతూ కాదు, కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటీ దిగుతూ.

ఆమె తిరిగివచ్చి పాత నమోదులు తెరిచింది. మొదటిది గుర్తుంది. నలభైసార్లు నడిపింది, నలభైసార్లూ తప్పింది. ఆ కాగితాలు ఇంకా ఉన్నాయి. రెండోదానికి ఏమీ లేవు. ఆ రోజు రెండుచోట్ల ఎరుపులు ఒకేసారి వచ్చాయి. జాబితాలో అతని పేరు ఉంది, తీసేసింది, పచ్చబడింది. అంతే. ఇప్పుడు పరీక్షిద్దామంటే ఆనాటి కోడ్ నడిచే పాత యంత్రాలను పోయిన నెలే తీసేశారు. కొత్తవాటి మీద అది మొదలు కూడా కాదు. మూడు గంటలు రకరకాలుగా ప్రయత్నించింది. అది తెలుసుకునే దారి ఇక ఎక్కడా లేదు.

ఐదింటికి అతని బల్ల దగ్గరికి వెళ్ళింది. అతను ఏదో రాసుకుంటున్నాడు. రాసిన ప్రతి వాక్యాన్నీ వేలితో తాకుతూ మళ్ళీ చదువుతున్నాడు.

"మొదటిదానిలో తప్పు మీదేనండీ. కాగితాలున్నాయి. రెండోది... చెప్పలేను."

"చెప్పలేవా, చెప్పవా?"

"పాత యంత్రాలు తీసేశారు. ఇక ఎప్పటికీ తెలియదు. అది కూడా పరీక్షించకుండానే తీశాను."

అతను తెర మీంచి చూపు తిప్పలేదు.

"దాని కోసం పద్దెనిమిది రోజులు నిద్ర మానేశాను," అన్నాడు మెల్లగా. "నా తప్పు ఎక్కడుందో దొరకలేదు. దొరక్కపోతే నా బుర్రే సరిపోవడం లేదనుకున్నాను. ఈ వయసులో ఎందుకొచ్చిన తిప్పలు, మానేద్దాం అని ఇంట్లో కూడా చెప్పాను."

ఆమె నిలబడే ఉంది. వెళ్ళాలో ఉండాలో తెలియలేదు.

"ఆ రోజే తెలియదని చెప్పి ఉంటే బాగుండేది," అన్నాడు. తర్వాత వాక్యం మీద వేలు పెట్టి, మొదటినుంచి మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.